ఒక్కరికైతే ఎనిమిది వేల నాలుగు వందలు

సోమవారం ఉదయం గడ్డం గీసుకునేలోపు విమానం టికెట్ కొనేయాలని తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్ అనుకున్నాడు. చెంపలకు సబ్బు నురగ పూసుకుని, గడ్డం నానేలోపు ఫోన్ తీశాడు. శనివారం మధ్యాహ్నం వాళ్ళక్క ఉద్యోగ విరమణ సభ. ముప్పై అయిదేళ్ళు ఒకే ఆసుపత్రిలో నర్సుగా పనిచేసిన మనిషి. తల్లి పోయాక ఆయన్ని పెంచి, చదివించి, తన పెళ్ళి మాత్రం మరిచిపోయిన మనిషి. "నువ్వొచ్చి రెండు ముక్కలు మాట్లాడాలిరా తమ్ముడూ" అని ఫోన్ చేసి మరీ చెప్పింది. ఆ ఊరికి రైల్లో వెళితే రోజున్నర పడుతుంది. శని, ఆదివారాలు కాక ఆయనకు దొరికిన సెలవు ఒక్క శుక్రవారమే. భార్య టీచరు, ఆమె బడిలో పరీక్షలు. కాబట్టి వెళ్ళేది ఆయనొక్కడే.

అపార్ట్‌మెంట్‌లో అందరూ ఆయన్ని 'గ్రాముగారు' అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఒకసారి కింద కొట్లో కొన్న చక్కెర ఒక గ్రాము తగ్గిందని మూడుసార్లు తూయించాడు. అప్పట్నుంచి ఆయన కనిపిస్తే చాలు, కొట్టతను రెండు గ్రాములు ఎక్కువే వేస్తాడు. ఆ రెండు గ్రాములూ ఆయన ఇంట్లో తూచుకుని, పొట్లం కట్టి తిరిగి ఇచ్చేస్తాడు.

ఒక్కరికి టికెట్ ఎనిమిది వేల నాలుగు వందలు. సరే అనుకున్నాడు. ఇంతలో నురగ అంటిన బొటనవేలు జారి, ఒకటి అంకె రెండయింది. ధర కూడా మారింది. ఇద్దరికైతే తలా ఆరు వేల నూరు.

యంత్రం ఏ అంకె చూపించినా మూడుసార్లు సరిచూడనిదే నమ్మకూడదన్నది ఆయన వృత్తి ధర్మం. ఒకటి నొక్కాడు. ఎనిమిది వేల నాలుగు వందలు. రెండు నొక్కాడు. ఆరు వేల నూరు. మళ్ళీ ఒకటి, మళ్ళీ రెండు. అదే విమానం, అదే రోజు, అదే సీటు.

"ఇదిగో, ఒకసారి ఇటు రా! ఒక్కడు కూర్చుంటే సీటేమైనా పెద్దదవుతుందా?"

"కూర్చునేవాణ్ణి బట్టి ఉంటుంది" అంది భార్య, దిద్దుతున్న పేపర్లలోంచి తల ఎత్తకుండా.

ఇన్‌స్పెక్టర్ ఆ విమానాల కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాడు. ఒకమ్మాయి తియ్యగా పలికింది.

"మీ కాల్ మాకు చాలా ముఖ్యం సర్."

"అది తర్వాత. ఇది విను. ఇద్దరు కలిసొస్తే కేజీ చక్కెర నలభై, ఒక్కడొస్తే యాభై అన్నాడనుకో ఒక కొట్టువాడు. ఆ కొట్టుకి నేను తాళం వేయిస్తాను. తెలుసా?"

"మేం చక్కెర అమ్మం సర్."

"సీటు అమ్ముతున్నారుగా! నేనొక్కణ్ణే వస్తే ఎక్కువెందుకు?"

"అది సిస్టమ్ సర్. ఒక్కరే వెళ్ళేవాళ్ళు మామూలుగా ఆఫీసు పని మీద వెళ్తారు. డబ్బు ఆఫీసే ఇస్తుంది కాబట్టి ధర పట్టించుకోరు. ఇద్దరైతే కుటుంబం. చూసి చూసి ఖర్చుపెడతారు. సిస్టమ్ అలా అనుకుంటుంది సర్."

"నా మొహం చూడకుండానే అనుకుంటుందా? అంటే ఒంటరిగా వస్తే నేను డబ్బున్నవాణ్ణి, పెళ్ళాంతో వస్తే లేనివాణ్ణా?"

"ఆ సంగతి వాళ్ళకెవరు చెప్పారు?" అంది భార్య.

ఆయనకు ఒళ్ళు మండింది. రెండు వేల మూడు వందలు ఎక్కువిచ్చుకోవాలని కాదు. తోడు లేకపోవడానికి జరిమానా ఏమిటి? ఆ లెక్కన వాళ్ళక్క జీవితమంతా ఎంత జరిమానా కట్టి ఉంటుంది? ఈ ఆలోచన వచ్చేసరికి ఎడమ చెంప మీద నురగ ఎండి పెచ్చు కట్టింది. టైము చూసుకుని, కుడివైపు ఒక్కటే గీసుకుని ఆఫీసుకు బయల్దేరాడు.

లిఫ్టులో మూడో అంతస్తు ఫోటోగ్రాఫర్ ఎక్కాడు. "ఏంటి గ్రాముగారూ, సగమే గీశారు?"

ఇన్‌స్పెక్టర్ కథంతా చెప్పాడు. ఫోటోగ్రాఫర్ మొహం వెలిగిపోయింది. "నేనూ శుక్రవారం ఆ ఊరే వెళ్ళాలండీ, కెమెరా రిపేరు. ఇద్దరం కలిసి కొందాం. సాయంత్రం మీ ఇంటికొస్తాను."

వ్యవహారం అక్కడితో ముగిసిపోయేది. కానీ లిఫ్టులో వెనకగా అపార్ట్‌మెంట్ సెక్రటరీ కూడా ఉన్నాడు. నీళ్ళ ట్యాంకు కడిగించడానికి కూడా కమిటీ వేసే మనిషి. ఆయన వేళ్ళు మడిచి లెక్క మొదలుపెట్టాడు.

"ఒక్కడు ఇద్దరైతే రెండువేల మూడొందలు తగ్గింది. ముగ్గురైతే ఇంకో రెండువేల మూడొందలు. ఆ లెక్కన అయిదుగురం వెళ్తే వాళ్ళే మనకి ఎదురివ్వాలి గ్రాముగారూ!"

"అలా ఉండదండీ."

"అలా ఉండకపోతే అన్యాయం కదండీ!"

అన్యాయం అన్న మాట వినపడితే ఇన్‌స్పెక్టర్ కాదనలేడు. ఆయన కాదనకపోవడాన్ని సెక్రటరీ అంగీకారంగా తీసుకున్నాడు. పది నిమిషాల్లో అపార్ట్‌మెంట్ వాళ్ళందరి ఫోన్లలో సందేశం మోగింది: "శుక్రవారం విమాన యాత్ర. గ్రాముగారి నాయకత్వం. ఎంతమంది వస్తే అంత చవక." సాయంత్రానికి పదకొండుమంది పోగయ్యారు. ఒకాయన నీళ్ళ మోటారు చూడ్డానికట. ఒక జంట ఊరికే సముద్రం చూడ్డానికట. ఇద్దరు అన్నదమ్ములు మాత్రం, ఎందుకు వస్తున్నారో వచ్చాక ఆలోచించుకుంటామన్నారు. ఫోటోగ్రాఫర్‌కీ ఇన్‌స్పెక్టర్‌కీ తప్ప ఎవరికీ ఆ ఊళ్ళో పని లేదు. ధర తగ్గుతుందన్నదే పని.

మంగళవారం ఉదయం అందరూ ఇన్‌స్పెక్టర్ ఇంటి హాల్లో చేరారు. ఫోన్‌లో తొమ్మిదికి మించి అంకె పెరగలేదు. పోనీ తొమ్మిదే చూద్దామన్నారు. తలా తొమ్మిది వేల ఏడు వందలు!

హాలంతా గోల లేచింది. "పెరిగిందేంటి? మీరేదో తప్పు నొక్కారు" అన్నాడు మోటారాయన. మూడుసార్లు నొక్కారు. మూడుసార్లూ అంతే. ఇన్‌స్పెక్టర్ మళ్ళీ ఫోన్ చేశాడు. అదే అమ్మాయి.

"చవక సీట్లు నాలుగే మిగిలాయి సర్. తొమ్మిది కలిపి అడిగితే, తొమ్మిదీ ఒకే ధరకి దొరికే చోటికి వెళ్తుంది సిస్టమ్."

"ఆ నాలుగూ నలుగురికిచ్చి, మిగతా అయిదుగురికీ ఆ పై ధర వేయొచ్చుగా?"

"కుదరదు సర్."

"ఒక్కడొస్తే ఎక్కువ. తొమ్మిదిమందొస్తే ఇంకా ఎక్కువ. మరి మీ దృష్టిలో ఎంతమంది రావాలమ్మా?"

"ఇద్దరు సర్."

ఇన్‌స్పెక్టర్ ఫోటోగ్రాఫర్ వంక చూశాడు. ఫోటోగ్రాఫర్ ఇన్‌స్పెక్టర్ వంక చూశాడు. వాళ్ళిద్దరూ అప్పటికప్పుడు రెండు టికెట్లు కొనేసి ఉంటే బాగుండేది. ఆ చూపు సెక్రటరీ కంట పడింది.

"ఏంటండీ, ఉద్యమాన్ని మధ్యలో వదిలేసి ఇద్దరూ జారుకుందామనా?"

ఉద్యమం ఎప్పుడు మొదలైందో ఇన్‌స్పెక్టర్‌కు తెలియదు. అయినా అందరూ అలా చూస్తుంటే వదిలేయడం పిరికితనమనిపించింది. "లేదండీ, తేల్చుకుందాం" అన్నాడు. దాంతో చప్పట్లు కొట్టారు.

బుధవారం సెక్రటరీ ఎవరికీ చెప్పకుండా, గుంపు టికెట్లు అమ్మే విభాగానికి తానే ఫోన్ చేశాడు.

"ఎంతమంది సర్?"

"పదకొండు. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్ గారు, ఒక ఫోటోగ్రాఫర్, మేం తొమ్మిదిమంది."

అవతల గొంతు మారింది. "దేనికి వస్తున్నారు సర్?"

"మీ అన్యాయం సంగతి తేల్చడానికే! ఆయన ఎంత కోపంగా ఉన్నారో మీకు తెలీదు. ఒక్క గ్రాము తేడా వచ్చినా ఊరుకునే మనిషి కాదు."

"ఒక్క నిమిషం లైన్‌లో ఉండండి సర్."

ఆ నిమిషం పది నిమిషాలయింది. సామాన్లు తూచే యంత్రాలు ఆ కంపెనీకి ప్రతి విమానాశ్రయంలోనూ ఉన్నాయన్న సంగతి సెక్రటరీకి తట్టలేదు. పదకొండుమందితో, ఫోటోలు తీసేవాణ్ణి వెంటబెట్టుకుని తనిఖీకి వస్తున్నారని అవతలివాళ్ళు కంగారుపడుతున్నారని కూడా తట్టలేదు. చివరికి ఒక బరువైన గొంతు పలికింది.

"మేనేజర్ని మాట్లాడుతున్నాను సర్. తలా నాలుగు వేల తొమ్మిది వందలు. ముప్పై కిలోల సామాను ఉచితం. ఇంకేమైనా కావాలా?"

"కిటికీలు" అన్నాడు సెక్రటరీ.

"ఎన్ని సర్?"

"ఉన్నన్ని."

ఈ ధర విని ఇన్‌స్పెక్టర్ పొంగిపోయాడు. అది తన వాదనకు దక్కిన విజయమనే అనుకున్నాడు. "చూశావా? ఒక్కడు గట్టిగా నిలదీస్తే ఎంత పెద్ద కంపెనీ అయినా దిగొస్తుంది" అని భార్యకు భోజనం పూర్తయ్యేదాకా చెప్పాడు. "మరీ ఇంతలా దిగొచ్చారంటే నాకేదో భయంగా ఉందండీ" అంది ఆవిడ. ఆయన వినిపించుకోలేదు.

గురువారం ఆఫీసులో అడుగుపెట్టగానే పై అధికారి పిలిచాడు. బల్ల మీద విమానాల కంపెనీ రాసిన ఉత్తరం ఉంది. ఆయన అది పైకి చదివాడు.

"మీ తనిఖీ బృందంలో పదకొండుమందికీ ప్రత్యేక ధరకి సీట్లు కేటాయించాం, దయచేసి సహకరించగలరు... ఏంటయ్యా ఇది? ఈ ఆఫీసులో నన్నూ, నిన్నూ, గుమాస్తానీ, గోడ గడియారాన్నీ కలిపినా నలుగురం. పదకొండుమంది బృందం ఎక్కణ్ణుంచి వచ్చింది?"

ఇన్‌స్పెక్టర్ ఉత్తరం చదివాడు. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి.

"సార్! ఎక్కువొచ్చిన రెండు గ్రాముల చక్కెర తిరిగిచ్చే మనిషిని సార్ నేను!"

"చక్కెర తిరిగిచ్చావు. సీటు తీసుకున్నావు."

ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఎవరింటా మంచినీళ్ళు కూడా ముట్టని మనిషికి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. బయటికొచ్చి విమానాల మేనేజర్‌కు ఫోన్ చేశాడు. ఇది తనిఖీ కాదని, ఆ ధర వెంటనే రద్దు చేయమని అడిగాడు.

"ఒకసారి ఇచ్చిన ధర మార్చే వీలు సిస్టమ్‌లో లేదు సర్. మీ పేరొక్కటీ కావాలంటే తీసేస్తాం."

"తీసేయండి!"

తర్వాత సెక్రటరీకి చేశాడు. మొత్తం విని సెక్రటరీ నింపాదిగా అన్నాడు: "మీరు తప్పుకున్నా మేం పదిమందిమి. గుంపు ధరకి పదిమంది చాలట, కనుక్కున్నాను. మీ నిజాయితీ మీరుంచుకోండి గ్రాముగారూ, మా కిటికీల జోలికి మాత్రం రాకండి."

పై అధికారి మళ్ళీ పిలిచాడు. ఈలోపు ఆయన ప్రధాన కార్యాలయంతో మాట్లాడాడు. "చూడు. తనిఖీ అని వాళ్ళు కాగితం మీద పెట్టేశారు. ఇప్పుడు చెయ్యకపోతే టికెట్ల కోసం బెదిరించామంటారు. రేపు నువ్వు ఎక్కేచోటా, దిగేచోటా విమానాశ్రయాల్లో వాళ్ళ తూనిక యంత్రాలు తనిఖీ చెయ్యాలి. సాయంత్రానికి ప్రధాన కార్యాలయానికి వెళ్ళి సంజాయిషీ రాసివ్వాలి."

ప్రధాన కార్యాలయం ఉన్నది వాళ్ళక్క ఉండే ఊళ్ళోనే. కాబట్టి సభ తప్పిపోదు. ఇన్‌స్పెక్టర్‌కు కాస్త ఊపిరొచ్చింది. గుమాస్తా అక్కడే కూర్చుని టికెట్ కొన్నాడు. ఒక్కరికి, ముందురోజు, పద్నాలుగు వేల మూడు వందలు.

"సార్, ఇది మరీ అన్యాయం సార్! సోమవారం ఎనిమిది వేలుంది!"

"నీకెందుకయ్యా బాధ, నీ డబ్బా?"

"కాదు సార్, ఆఫీసుదే" అన్నాడు ఇన్‌స్పెక్టర్. అన్నాక గానీ తట్టలేదు. ఒంటరిగా, ఆఫీసు పని మీద, ఆఫీసు డబ్బుతో వెళుతున్నాడు. సిస్టమ్ ఆయన్ని గురించి ఏమనుకుందో సరిగ్గా అదే అయి కూర్చున్నాడు.

శుక్రవారం ఉదయం తూకపు రాళ్ళున్న చెక్కపెట్టె మోసుకుంటూ విమానాశ్రయంలోకి వెళ్ళాడు. ఆ కంపెనీకి ఆరు కౌంటర్లున్నాయి. ఒక్కో యంత్రం మీదా అయిదు కిలోలు, పది కిలోలు, ఇరవై కిలోలు పెట్టి చూశాడు. మూల మీద పెట్టి చూశాడు, మధ్యలో పెట్టి చూశాడు. వెనక వరసలో పది తెలిసిన మొహాలున్నాయి. "త్వరగా కానివ్వండి గ్రాముగారూ, కిటికీలు పోతాయి" అంటున్నాడు సెక్రటరీ. పక్కన మేనేజర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాఫీ తెప్పిస్తే ఇన్‌స్పెక్టర్ ముట్టలేదు.

ఆరు యంత్రాల్లో ఒక్కదానిలోనూ గ్రాము తేడా లేదు. తూకం సరిగ్గా ఉన్నందుకు ఆయనకు కోపం రావడం జీవితంలో అదే మొదటిసారి. ఆరింటికీ ముద్రలు వేసి, సంతకం పెట్టాడు.

తర్వాత తన వంతు వచ్చినప్పుడు రాళ్ళ పెట్టె అదే యంత్రం మీద పెట్టాడు. ఇరవై మూడు కిలోల నాలుగు వందల గ్రాములు. ఆయన టికెట్‌కు అనుమతి పదిహేను కిలోలే.

"నా పేరు మీద రాయించండి, మాకు తలా ముప్పై ఉంది" అన్నాడు ఫోటోగ్రాఫర్ జాలిపడి.

"వేరే టికెట్ సర్, కలపడం కుదరదు" అంది కౌంటర్‌లో అమ్మాయి. "తొమ్మిది కిలోలకి కట్టాలి సర్."

"ఎనిమిది కిలోల నాలుగు వందల గ్రాములు" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"పై కిలోకి లెక్కేస్తాం సర్."

"ఆరు వందల గ్రాములు! లేని ఆరు వందల గ్రాములకి డబ్బు కట్టాలా? ఇప్పుడే కదా నేను ముద్ర వేసింది! ఆ యంత్రం నిజం చెప్తుంటే మీరెందుకమ్మా అబద్ధం చెప్తున్నారు?"

మేనేజర్ పరుగున వచ్చాడు. "సర్, సర్, మీకు మొత్తం ఉచితం. అసలు ఏమీ కట్టొద్దు."

వరసంతా ఇటు తిరిగింది. ఉచితంగా పంపితే సంజాయిషీలో ఇంకో పేరా చేరుతుంది. ఇన్‌స్పెక్టర్ పళ్ళు కొరికి, పర్సు తీసి, "తొమ్మిదికీ రాయండి. రసీదు ఇవ్వండి" అన్నాడు. ఆరు వందల గ్రాముల గాలికి ఆయన డబ్బు కట్టడం పదిమంది ఇరుగుపొరుగు కళ్ళారా చూశారు. విమానంలో ఆయనకు దక్కింది మధ్య సీటు. అటూ ఇటూ కిటికీలన్నీ వాళ్ళవే. మేఘాలు చూసి మోటారాయన మురిసిపోతుంటే ఇన్‌స్పెక్టర్ కళ్ళు మూసుకుని సంజాయిషీలో వాక్యాలు పేర్చుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం ఆసుపత్రి హాలు నిండిపోయింది. డాక్టర్లు, నర్సులు, ఎప్పుడో నయమై వెళ్ళిన రోగులు. మొదటి వరసలో పన్నెండు కుర్చీలకు మాత్రం 'కుటుంబ సభ్యులు' అని కాగితాలు అంటించారు. ఆ పన్నెండింటి మధ్య ఇన్‌స్పెక్టర్ ఒక్కడే కూర్చున్నాడు. "మేడమ్, మీవాళ్ళింకా దారిలో ఉన్నారా?" అని ఒక నర్సు వేదిక మీద అక్కను అడగడం మైకులోంచి అందరికీ వినిపించింది. అక్క నవ్వింది. చిన్నప్పుడు ఇంట్లో బియ్యం నిండుకున్నప్పుడు నవ్విన నవ్వు. సంజాయిషీ రాసినప్పుడు కూడా తడవని ఆయన కళ్ళు అప్పుడు తడిశాయి.

సరిగ్గా అప్పుడే వెనక తలుపు దగ్గర సందడయింది. ఫోటోగ్రాఫర్ వెళ్ళిన కెమెరా దుకాణం సోమవారం దాకా తెరవరట. మోటార్లు సొంతూళ్ళోనే చవకట. సముద్రం చూడ్డం పది గంటలకే అయిపోయిందట. ఎక్కడికి పోవాలో తోచక పదిమందీ గ్రాముగారి అక్కగారిని చూద్దామని వచ్చేశారు. ఏ కుర్చీలు ఎవరివో అడగలేదు. ఖాళీగా కనబడిన మొదటి వరసలో బరబరా వచ్చి కూర్చున్నారు. పన్నెండో కుర్చీలో ఫోటోగ్రాఫర్ సంచి పెట్టాడు.

అక్క మైకు దగ్గరికొచ్చి మొదటి వరసలో మొహాలన్నీ ఒక్కొక్కటే చూసుకుంది. "మా తమ్ముడొక్కడే వస్తాడనుకున్నాను. హోటల్‌కెళ్తే ఒక్కదాన్నే కదా అని ఎప్పుడూ తలుపు పక్క బల్ల ఇచ్చేవాళ్ళు నాకు. వీడు చూడండి, నా కోసం వరసంతా నింపుకొచ్చాడు" అంది. ఇన్‌స్పెక్టర్ నిజం చెబుదామని లేచాడు. ఆ రెండు ముక్కలూ మొదలుపెట్టేలోపే మైకు సెక్రటరీ అందుకుని ఇరవై నిమిషాలు మాట్లాడాడు. అక్కను అంతకుముందు చూడలేదన్న లోటు ఆ ఉపన్యాసంలో ఎక్కడా కనిపించలేదు.

భోజనాల దగ్గర అక్క ఆ పదిమందికీ తానే వడ్డిస్తూ, "ఈయన మా తమ్ముడి పక్కింటాయన, ఈవిడ మా పైయింటావిడ" అని తోటి నర్సులకు ఒక్కొక్కరినీ పరిచయం చేస్తోంది. వంటల కాంట్రాక్టరు ఒక కాగితం పట్టుకుని ఇన్‌స్పెక్టర్ దగ్గరికొచ్చాడు.

"నూట యాభై ప్లేట్లు చెప్పారండీ. పదిమంది ఎక్కువొచ్చారు. ఆ పదింటికీ మాత్రం ప్లేటు ధర రెట్టింపు."

ఎందుకని ఇన్‌స్పెక్టర్ అడగలేదు.